మామగారి డొక్కు కారు

షెడ్డులో ఏళ్ళ తరబడి తుప్పుపట్టిన డొక్కు కారు రెండుసార్లు దగ్గి, గుప్పున నల్లటి పొగ వదిలి, స్టార్టయింది. మామగారి గుండె గుభేలుమంది.

"అయిపోయినట్టేనా?" అన్నాడాయన.

"అయిపోయింది మామయ్యా," అన్నాడు అల్లుడు, జిడ్డు చేతులు పాత గుడ్డకు తుడుచుకుంటూ.

అల్లుడన్నది పాత మాట. కూతురితో విడాకులు ఎప్పుడో అయిపోయాయి. అయినా ప్రతి ఆదివారం వచ్చి ఎలుకలు కొరికిన వైర్లు మారుస్తూ, ఇంజను విప్పుతూ బిగిస్తూ, మధ్యాహ్నం ఆయనతో కలిసి భోంచేసి వెళ్ళేవాడు. కొడుకులు లేని ఆయనకు ఆ పూట ఇల్లు నిండినట్టుండేది.

"నాన్నా, ఇంక రావద్దని చెప్పెయ్. ఏం బాగుంటుంది?" అని కూతురు ఫోన్లో పోరుతూనే ఉంది.

"కారు బాగవనీ, చెప్పేస్తాను తల్లీ," అని ఆయన నాన్చుతూ వచ్చాడు. ఇంతలో ఈ కారు కాస్తా బాగై కూర్చుంది.

"బాబూ, నీకో మాట..." అన్నాడు. అని, కారు బానెట్టు మీది దుమ్ము అరచేత్తో తుడవసాగాడు.

అల్లుడు ఇంజను ఆపి, తాళంచెవి ఆయన చేతిలో పెట్టాడు.

"మీరేం చెప్పక్కర్లేదు మామయ్యా, నాకు తెలుసు. నిజానికి ఈ కారు పోయిన నెలే బాగైంది. నేనే ఒక వైరు పీకేసి ఉంచాను."

"మరి ఇవాళెందుకు తగిలించావయ్యా?" అన్నాడాయన.

"రేపు తన పెళ్ళి కదా. పెళ్ళికూతురి తండ్రి బస్సులో వేలాడుతూ వెళ్తే ఏం బాగుంటుంది?"