మడమ మీద చుక్కలు

"పెట్టను. నా బిడ్డ రక్తం ఏమైందో చెప్పేదాకా సంతకం పెట్టనే పెట్టను."

చక్రాల కుర్చీలో కూర్చున్న తల్లి ఒళ్లోని కాగితాన్ని తోసేసింది. కడుపు కోసి కాన్పు, ఆ పైన ఫిట్స్. పన్నెండు రోజులు పై అంతస్తులో మంచం పట్టి, ఇవాళే మొదటిసారి కిందికి దిగింది. దిగీ దిగగానే చేతిలో పెట్టింది బిడ్డని కాదు, రక్తం ఎక్కించడానికి ఒప్పుకుంటున్నట్టు రాసిన కాగితాన్ని.

అద్దాల పెట్టెలో కిలో బరువు పసిపిల్ల. తలకి ఉన్ని టోపీ. ఒళ్లు మైనంలా పాలిపోయి ఉంది. మధ్యమధ్య ఊపిరి తీయడం మరిచిపోతోంది. మరిచినప్పుడల్లా మిషను మోగుతోంది, పెద్ద నర్సు పాప అరికాలి మీద వేలితో తట్టి గుర్తు చేస్తోంది.

"దెబ్బ లేదు, గాయం లేదు, చుక్క కారింది లేదు. మరి రక్తం ఎలా తగ్గింది? ఆవిరైపోయిందా?"

"నెలలు నిండని పిల్లలకి రక్తం తొందరగా ఊరదండీ," అంది డ్యూటీ డాక్టరమ్మ. "దానికి తోడు..." గొంతు సవరించుకుంది. "పరీక్షలకి తీస్తాం కదా. ఈ పాప ఒంట్లో ఉండేదే టీ గ్లాసుడు రక్తం. చెంచాడు తీసినా దానికి ఎక్కువే."

"ఎంత తీశారు?"

"ఈ పన్నెండు రోజుల్లో, మూడో వంతు."

"తీసిందెవరు?"

"నేనే," అంది పెద్ద నర్సు.

"అక్కా! నువ్వా?" తల్లి కుర్చీని ఆమె వైపు తిప్పింది. "నా పాల కోసం పైకొచ్చినప్పుడల్లా 'నీ పిడికెడు పిల్ల ఇవాళ నా వేలు పట్టుకుంది, వదిలితే ఒట్టు' అని కబుర్లు చెప్పేదానివే! నిన్ను నమ్మే కదా కళ్లు మూసుకుని పడుకున్నాను. పైన కబుర్లు, కింద సూదులా? కంచే చేను మేసిందంటే ఇదేగా!"

నర్సు వంగింది. కింద పడ్డ కాగితం తీసి, దులిపి, మళ్లీ ఆమె ఒళ్లో పెట్టింది. "ముందు సంతకం పెట్టు తల్లీ. తర్వాత తీరిగ్గా తిట్టు. తిట్లకి గడువు లేదు, రక్తానికి ఉంది."

తల్లి భర్త వైపు తిరిగింది. అతను గోడకి ఆనుకుని ఫ్లాస్కు మూత బిగిస్తున్నాడు, విప్పుతున్నాడు.

"మీరైనా అడగరేమండీ? బెల్లం కొట్టిన రాయిలా అలా నిలబడ్డారు?"

"సంతకం పెట్టు. ముందు పాపకి ఎక్కనీ."

ఈయనా వాళ్ల పక్షమే. లోకంలో తనకి తన బిడ్డ తప్ప ఎవరూ లేరనిపించింది ఆమెకి.

మిషను మోగింది. నర్సు తట్టింది. మళ్లీ తట్టింది. మూడోసారికీ పాప కదల్లేదు. నాలుగోసారికి చిన్న ఛాతీ పైకి లేచింది.

తల్లి సంతకం పెట్టేసింది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

అరచేతిలో ఇమిడేంత రక్తపు సంచి వచ్చింది. దాని మీది నంబరు నర్సు పైకి చదివింది, డాక్టరమ్మ చదివింది, మళ్లీ ఇద్దరూ కలిపి చదివారు. దారంలాంటి గొట్టంలో రక్తం చీమ నడకన బయల్దేరింది.

తల్లి అద్దానికి దగ్గరగా వంగింది. కోత సలిపింది. పాప మడమ నిండా నల్లని చుక్కలు. నువ్వులు జల్లినట్టు.

"గుచ్చే ముందు మడమకి గోరువెచ్చటి దూదితో కాపడం పెట్టేదాన్ని తల్లీ," అంది నర్సు మెల్లగా. "నీ పాలే ఒక చుక్క నాలిక మీద వేసేదాన్ని. నొప్పి తెలియకుండా."

"అంటే, నా పాలతోనే నా బిడ్డని ఏమార్చావన్నమాట. పెట్టెకి తగిలించిన ఆ చార్టు ఇలా ఇవ్వు."

"ఇప్పుడెందుకులే."

"దాస్తున్నావా?"

నర్సు చార్టు మీద చెయ్యి వేసి భర్త వంక చూసింది. తల్లి ఆ చేతి కిందనుంచి లాగేసుకుంది.

తేదీ, వేళ, ఎంత తీశారు, ఎందుకు తీశారు. మొదటి అయిదు రోజులూ డాక్టర్ల రాతే. ఆరో రోజు, పైన ఆమెకి పూర్తిగా తెలివొచ్చిన రోజు, అక్కడినుంచి వరసలు ఒక్కసారిగా పెరిగాయి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఎందుకు అన్న గడిలో ఒకటే మాట: తండ్రి అడిగినందున. తండ్రి అడిగినందున. పక్కనే సంతకం. అది ఎవరిదో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

"మేం వద్దనే అన్నామండీ," డాక్టరమ్మ నసిగింది. "కాళ్లావేళ్లా పడ్డారు. కాదనలేకపోయాం. మాదీ తప్పే."

"ఊరుకోండి డాక్టరమ్మా," అంది నర్సు.

తల్లి అరవలేదు. అరిచే ఓపిక ఎప్పుడో పోయింది. ఇంతసేపూ పరాయి మనిషిని ఆడిపోసుకుంది. దొంగ తన ఇంట్లోనే ఉన్నాడు.

"కన్నతండ్రి కదండీ మీరు," అంది. "పూటకోసారి గుచ్చి తీయించారే! ఆ పిడికెడు ప్రాణం దగ్గర ఏం కావాల్సొచ్చింది మీకు?"

భర్త ఫ్లాస్కు కింద పెట్టాడు. తల ఎత్తలేదు.

"నాక్కాదు. 'ఇవాళ పాపకి రక్తం ఎంతుంది?' అని పూటపూటా నువ్వే అడిగేదానివి. అంకె చెబితేగానీ ముద్ద ముట్టేదానివి కాదుగా."