ఇత్తడి పలక

"కొంచెం ఏటవాలుగా పెట్టండమ్మా, పేరు కనపడాలి," అన్నారు డైరెక్టరు గారు, గట్టు మీద గొడుగు కింద నుంచి.

పురావస్తు తవ్వకం అయిపోయాక, గుంట పూడ్చేముందు అడుగున ఆ ఏటి నాణెం ఒకటి వేయడం మా ఆనవాయితీ. మళ్లీ ఎప్పుడైనా తవ్వేవాళ్లకి, ఇక్కడిదాకా మనుషులు వచ్చి వెళ్లారని తెలియాలి. ఈయనగారి కంటికి నాణెం ఆనలేదు. తన పేరూ డిగ్రీలూ చెక్కించి, అరచేయంత ఇత్తడి పలక తెచ్చారు.

"దేశం కాని దేశం వచ్చి శంకుస్థాపన చేస్తున్నాడు," అని గొణిగింది, గుంటలో నా పక్కనే ఉన్న ఫొటోలు తీసే అక్క.

పలక ఆనించడానికి నేను తాపీతో గుంట అడుగున ఓ మూల గీరాను. ఖంగుమంది.

"ఆగండి, నేను తీస్తాను." ఆయన గబగబా దిగి, కెమెరా వైపు తిరిగి బ్రష్షు పట్టారు.

బయటపడింది మరో ఇత్తడి పలక. దాని మీద ఎవరిదో పేరు, పేరు వెనక డిగ్రీలు.

"ఎవడీయన? ఎప్పుడూ వినలేదే."

"మనకంటే ముందు ఇక్కడిదాకా తవ్వినాయన సార్," అంది అక్క. "అంటే మనం సీజనంతా తవ్వింది ఈయన పూడ్చిన మట్టే."

ఆ మట్టిలోనే డైరెక్టరు గారు అప్పటికే పత్రికలవాళ్లకి మూడు యుగాల పొరలు చూపించేశారు.

"మీ పలక ఎక్కడ పెట్టమంటారు సార్?" అన్నాను.

ఆయన దాన్ని జేబులో వేసుకుని గట్టెక్కారు. సీజనంతా పార ముట్టని మనిషి, పార అందుకుని గుంటలోకి మట్టి తోయడం మొదలుపెట్టారు.

మేమిద్దరం ఇంకా గుంటలోనే ఉన్నాం.