సున్నా బిట్ల ముచ్చట

"మీ ఆవిడకే ఫోన్ చెయ్యవయ్యా హరికిషన్. మన ప్రోగ్రామ్ పనిచేస్తుందో లేదో ఇవాళ తేలకపోతే ప్రాజెక్టు మూసేయడమే," అన్నారు మేనేజరు ఉదయ్ భాస్కర్, మారేడ్‌పల్లి ఆఫీసులో కాఫీ ఊదుకుంటూ.

హరికిషన్ చేతిలోని ఫోన్ బల్ల మీద పెట్టేశాడు. భార్య భవాని తనతో మాట్లాడి ఎనిమిది రోజులైంది. తప్పంతా తనదే. ప్రోగ్రామ్‌కు మాటలు నేర్పడానికని మూడు నెలలపాటు ఆమె ఫోన్ మాటలన్నీ చెప్పాపెట్టకుండా రికార్డు చేశాడు. సంగతి బయటపడ్డ రోజు నుంచి ఇంట్లో గిన్నెల చప్పుడే తప్ప మనిషి గొంతు లేదు.

"వేరే ఎవరికన్న చేద్దాం సార్."

"అది నేర్చుకున్నది ఆవిడ గొంతేగా?"

ఆ మాటా నిజమే. అవతలి మనిషి ఏమంటుందో ఇవతలి ఫోనే ముందుగా ఊహించి, అచ్చం ఆ గొంతుతో పలుకుతుంది. అవతల వేరే మాట అంటేనే సవరణ వస్తుంది. లేకపోతే లైను మీద ఒక్క బిట్టు డేటా కూడా రానక్కర్లేదు. ఫోన్ మాటలకు పట్టే డేటా తగ్గించడానికి హరికిషన్ కనిపెట్టిన కిటుకు అది.

గుండె చిక్కబట్టుకుని నంబరు నొక్కాడు. నాలుగు రింగులకు భవాని ఎత్తింది.

"భవానీ, నేనే. తిన్నవా?"

"తిన్న. నువ్వు తిన్నవా?"

హరికిషన్‌కు ఏనుగెక్కినంత సంబరమైంది. పక్కన మేనేజరున్న సంగతే మరిచిపోయాడు.

"కోపం పోయిందా?"

"నీ మీద ఎన్ని దినాలుంటది కోపం? మోండా మార్కెట్ల చింతచిగురు దొరికితే తీస్కరా."

"చింతచిగురా? తెస్త. తప్పయింది భవానీ, ఇంకెప్పుడు గట్ల చెయ్య."

"సరే గని, జెర జల్ది రా."

ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకున్నాడు. ఉదయ్ భాస్కర్ మాత్రం తెర వంకే చూస్తున్నారు.

"అటు నుంచి సున్నా బిట్లు! ఒక్క సవరణా రాలేదేంటయ్యా?"

"పదమూడేండ్ల కాపురం సార్. ఆమె ఏమంటదో నాకు తెల్వదా?"

మేనేజరు లేచి చెయ్యి కలిపారు. ప్రాజెక్టు నిలబడింది. హరికిషన్ మార్కెట్‌కు బయలుదేరి మెట్లు దిగుతుండగా భవాని నుంచి మెసేజ్ వచ్చింది.

"చింతచిగురు ఎవలికి తెస్తనంటున్నవ్? నేను ఫోన్ ఎత్తిన గని, నోరే తెరవలే."