చేదోడు

కాకినాడలో ప్రతి ఇంటి గోడలోకీ చేదోడు యాప్ వచ్చి చేరాక, ఎవరి పని ఏదో మనుషులు మాట్లాడుకోవడం మానేశారు. పొద్దున్నే అదే పంచేది. ఏ పని ఎవరు బాగా చేస్తే వాళ్లకే ఇచ్చేది.

హైమవతి ఏ పనైనా చకచకా చేసేస్తుంది. అందుకే భర్త సూర్యారావు వాయిదా వేసినవన్నీ ఆమె పేరు మీదికి మారిపోయేవి. ఆ రోజు నడుం నొప్పితో ఆమె వంగలేకపోతుంటే, నీళ్ల ట్యాంకు కడగడం కూడా ఆమెకే వచ్చింది.

“అది మీ పనండీ,” అంది హైమవతి.

“నన్నేం చెయ్యమంటావే? అదే మార్చేసింది,” అన్నాడు సూర్యారావు, వాలుకుర్చీలోంచి లేవకుండానే.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. గోడ వైపు తిరిగి, “నాకో కొత్త పని రాసుకో. గంటసేపు ఊరికే కూర్చోవడం,” అంది.

“రాసుకున్నానండీ,” అంది చేదోడు, ఎప్పటిలాగే మర్యాదగా. “ఈ పని సూర్యారావుగారు చాలా బాగా చేస్తారు. ఆయనకే ఇచ్చేశాను.”

హైమవతి ట్యాంకు కడిగే బ్రష్షు తెచ్చి భర్త ఒళ్లో పడేసి, గదిలోకి వెళ్లి పడుకుంది. గోడ ఆమె పేరు పెట్టి పిలుస్తూనే ఉంది.