మొదటి గుహ

తెడ్డు నీళ్ళలో వదిలేసి, బొద్దాయన గుహ గోడని రెండు చేతులా వాటేసుకున్నాడు.

"నావల్ల కాదు. నేనిక్కడి నుంచి కదలను" అన్నాడు.

వెనక ఇంకో కయాక్ పడవలో ఉన్న గైడమ్మాయి పెదవి కొరుక్కుంది. భయపడి కాదు, నవ్వు ఆపుకోలేక. పొద్దుట్నుంచీ ఈ ముహూర్తం కోసమే కాచుకుని ఉంది.

గైడు లైసెన్సు పరీక్ష అలాగే ఉంటుంది మరి. పరీక్షాధికారి ఎవరో చెప్పరు. మామూలు యాత్రికుడిలా టికెట్ కొనుక్కుని వస్తాడు, దారిలో ఎక్కడో ఒకచోట ఆపదలో పడ్డట్టు నాటకమాడతాడు. గైడు కంగారుపడితే అంతే సంగతులు. ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే, ఈ యాత్రలు నడిపే బావ కొట్టులో తడి జాకెట్లు పిండుకుంటూ బతకాల్సిందే. "ఎర్రరంగు పూసుకుని మరీ రక్తమంటారు, బెదరకు" అని బావ ముందే చెవిలో వేశాడు. ఇవాళ చూడాల్సిన గుహలు రెండు. వచ్చినవాళ్ళలో ఒంటరి మనిషి బొద్దాయనొక్కడే. మిగతా ఇద్దరూ కొత్త జంట, వాళ్ళకి ఒకళ్ళనొకళ్ళు చూసుకోవడానికే తీరిక లేదు. బావ వాళ్ళని తీసుకుని అప్పుడే బయటికి వెళ్ళిపోయాడు.

ఇంతలో పెద్ద అల వచ్చి గుహ నోరు మూసేసింది. వెలుతురు పోయింది. చెవులు గింగురుమన్నాయి. నీళ్ళు రెండు కయాక్‌లనీ పైకెత్తేశాయి. బొద్దాయన హెల్మెట్ పైకప్పుకి టక్కున కొట్టుకుంది. అల తగ్గేసరికి ఆయన కయాక్ ముక్కు రాతి సందులో బిగుసుకుపోయింది.

"చచ్చిపోతాం తల్లీ! ఇక్కడే చచ్చిపోతాం!"

'అబ్బో, ఏం గొంతు! నాటకాల కంపెనీలో ఉండాల్సిన మనిషి' అనుకుంది. పైకి మాత్రం జోకొడుతున్నట్టు మెల్లగా అంది. "చావడానికేం తొందర సార్? మధ్యాహ్నం భోజనం కూడా టికెట్‌లోనే ఉంది."

ఆయన నవ్వలేదు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. గోడని పట్టుకున్న అరచేతిలోంచి ఎర్రగా కారుతోంది. ఆమె టార్చి వేసి చూసింది. 'రంగు ఎప్పుడు పూసుకున్నాడబ్బా? జేబులో చెయ్యి పెట్టగా చూడనే లేదే!' అని లోలోపలే మెచ్చుకుంది. అయినా తలకున్న గుడ్డ విప్పి, నిజం గాయానికి కట్టినట్టే కట్టింది. పరీక్ష పరీక్షే కదా.

మళ్ళీ అల. మళ్ళీ చీకటి. పోటు మొదలైనట్టుంది, ఈసారి తలకీ పైకప్పుకీ మధ్య జానెడు సందు మిగిలింది. నాటకం కోసం ఎవరైనా ఇంత ప్రాణం మీదికి తెచ్చుకుంటారా? 'పెద్దాయన, అన్నీ చూసుకునే దిగి ఉంటాడులే' అని తనకి తానే సర్దిచెప్పుకుంది.

"సార్, మీకు పిల్లలెంతమంది?"

"ఒక్కత్తే కూతురు. రాత్రి పోట్లాడుకున్నాం. ఈ వయసులో నీకు సముద్రమెందుకు నాన్నా అంది. నీకేం తెలుసు పోవే అని ఫోన్ పెట్టేశాను." ఆయన గోడని ఇంకా గట్టిగా హత్తుకున్నాడు. "దానితో నా ఆఖరి మాట అదేనా?"

ఆమెకి కళ్ళు చెమర్చాయి. నాటకమని తెలిసి కూడా చెమర్చాయి.

"ఒడ్డెక్కగానే ఫోన్ చేద్దురుగాని. ముందా గోడ వదలండి. నా భుజం పట్టుకోండి. గోడ కన్నా నేను నయం."

ఒక్కో వేలూ వదులుతూ, ఆయన చివరికి చెయ్యి ఇటు వేశాడు. ఆమె తెడ్డుతో పొడిచి కయాక్ ముక్కుని సందులోంచి విడిపించింది, తాడు తగిలించింది. పెద్ద అలలు గుంపుగా వస్తాయి, ఆ వెంటనే కాసేపు చిన్నవి. ఆ కాసేపు కోసం కాచుకుని, "వంగి కూర్చోండి!" అని అరిచి తెడ్డు వేసింది. తాడు బిగిసింది. భుజాలు ఊడిపోతాయేమో అనిపించింది. ఎండలోకి వచ్చి పడగానే, వెనక గుహ మళ్ళీ మూతపడిన చప్పుడు వినిపించింది.

బావ బొద్దాయన వాలకం చూసి, రెండో గుహ మాటెత్తకుండా అందరినీ ఒడ్డుకి తిప్పేశాడు.

ఇసుకలో కూలబడగానే ఆయన ఫోన్ తీశాడు. "ఏం లేదమ్మా, ఊరికే చేశాను. నువ్వు చెప్పిందే నిజం" అంటూ వెక్కి వెక్కి ఏడ్చాడు.

గైడమ్మాయి ముఖంలో నవ్వు వాడిపోయింది. ఒడ్డెక్కాక కూడా నాటకమేమిటి? కొంపదీసి ఈయన పరీక్షాధికారి కాదేమో! ప్రాణాలు పోతున్న మనిషి ముందా తను అన్ని వేళాకోళాలాడింది?

దగ్గరికెళ్ళి అడిగింది. "సార్, మీరు పరీక్షాధికారేనా?"

ఆయన ముక్కు తుడుచుకుని తలూపాడు. "అవునమ్మా. నువ్వు పాసయ్యావు."

"హమ్మయ్య!" పోయిన ప్రాణం లేచొచ్చింది. "హడలగొట్టేశారు సార్! ఏం నటన, ఏం నటన! ఆ రక్తమైతే అచ్చం..."

ఆయన జాకెట్ జేబులోంచి ఎర్రరంగు సీసా తీసి ఆమె చేతిలో పెట్టాడు. దాని సీలు ఇంకా విప్పలేదు.

"నేను నాటకం ఆడాల్సింది రెండో గుహలోనమ్మా" అన్నాడు.