సోమవారం రండి

బడి పెరట్లో చెత్త కంటైనర్ పక్కన సైకిలు ఆగింది.

ఎస్కిల్ చీపురు ఆపి చూశాడు. డెన్మార్క్‌లో ఓడెన్స్ ఊళ్లోని ఆ బడిలో మరమ్మతులు, తాళాలు, చెత్త అన్నీ అతని పనే.

సైకిలు దిగిన ముసలావిడ కంటైనర్‌లోకి తొంగిచూసింది. తరగతి గదుల్లోంచి దింపిన నూట నలభై లైట్లు అందులో ఉన్నాయి.

"ఇవన్నీ ఎందుకు తీసేశారు బాబూ?"

"మసకబారాయి. కొత్తవి వచ్చాయి."

"విప్పి చూశారా?"

"విప్పడానికేముందమ్మా? లైటు పోతే పోయినట్టే."

"ఒక స్క్రూడ్రైవర్ ఇవ్వండి, చూపిస్తాను."

"మీకు లైట్ల పని తెలుసా?"

"కొంచెం."

"కొంచెం నాకూ తెలుసు. అందుకే ముట్టుకోను."

ఆవిడ నవ్వింది. కదల్లేదు.

"బాగవుతాయి బాబూ. నాకు కాస్త టైమివ్వండి."

ఎస్కిల్‌కి కాఫీ వేళయింది.

"సోమవారం రండి. చూద్దాం."

కంటైనర్ పట్టుకెళ్లే లారీ వచ్చేది శుక్రవారమని అతనికి తెలుసు.

"నా పేరు గుడ్రున్ బిస్గార్డ్. తప్పకుండా వస్తాను," అందామె.

శుక్రవారం లారీ వచ్చింది. కంటైనర్‌లో వేసినది ఎవరికీ ఇవ్వకూడదని మునిసిపాలిటీ రూలు. ఎస్కిల్ మాత్రం లారీ ఎక్కించేముందే ఒక లైటు తీసి తన షెడ్డులో బిగించుకున్నాడు.

సోమవారం వాన. ఆమె వచ్చింది. సైకిలు వెనక పెద్ద పెట్టె, దానిమీద ప్లాస్టిక్ పట్టా.

"ముందే పట్టుకెళ్లిపోయారమ్మా. నాకూ తెలీదు."

"ఎక్కడున్నాయిప్పుడు?"

"ఈపాటికి నుగ్గయిపోయుంటాయి."

"అలాగా."

"పెట్టెలో ఏంటి, మాకు కేకులా?"

"కాదు బాబూ."

ఆమె సైకిలు తిప్పింది. పెట్టె బరువుకి ఎక్కలేక నడిపించుకుంటూ వెళ్లింది.

ఆ పూట ఎస్కిల్ కాఫీ సగంలో వదిలేశాడు. శుక్రవారం అని చెప్పి ఉంటే సరిపోయేది. ఒక్క మాట.

నవంబరులో షెడ్డు లైటు మరీ గుడ్డిదైంది. పారేయబోయి ఆగాడు. స్క్రూడ్రైవర్ తీశాడు.

రెండే మరలు. లోపల వేలెడు వెడల్పు వెలుగు పట్టీ. లాగితే చేతిలోకి వచ్చింది.

మూత లోపలివైపు చేతిరాత కాగితం అంటించి ఉంది. ఎస్కిల్ దాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చదివాడు.

"వెలుగు తగ్గితే లైటు పారేయకండి. ఈ పట్టీ మారిస్తే చాలు. మీ బడి నూట నలభై లైట్లకూ పట్టీలు దాచి ఉంచాను, కబురు చేస్తే నేనే తెచ్చిస్తాను. ఇట్లు, వీటిని తయారుచేసిన గుడ్రున్ బిస్గార్డ్."