పరదా తొలగిన ఫోటో

ఆదివారం ఆరాధన కాగానే హెబ్రోను నెల్లూరు చిన్నబజారులో పాత మిద్దెలను ఫోటోలు తీస్తున్నాడు. అత్తరు కొట్టు ఇమామ్ సాహెబ్ తనకేసి పరుగున రావడం చూసి గబగబా కెమెరా సంచిలో దాచాడు.

పోయిన వారం కిటికీ పరదా తొలగించి బయటికి చూసిన ఆయన కూతురు ఫోటోలో పడిందని, ఇమామ్ సాహెబ్ హెబ్రోను కెమెరా తెరిపించి ఫిల్మంతా ఎండలోకి లాగి పట్టుకుపోయాడు. మళ్లీ కనిపిస్తే చేతులు విరగ్గొడతానన్నాడు.

హెబ్రోను సందులోకి పరిగెత్తాడు. గోడ అడ్డమొచ్చింది.

"కొట్టొద్దు సాయిబు గారూ. ఈసారి మీ ఇల్లు తీయలేదు."

"కొట్టను నాయనా. మా అమ్మాయి నిన్నటినుంచి కనపళ్లేదు. పోలీసులు ఫోటో అడగతా ఉండారు. ఇంట్లో ఒక్కటీ లేదు."

ఆయన జేబులోంచి ఫిల్ము చుట్ట తీశాడు.

"పారెయ్యకుండా దాచినా. కడిగియ్యి."

ఎండ తగిలిన ఫిల్ములో ఎవరూ మిగలరు. ఆ మాట చెప్పాలంటే హెబ్రోనుకు ఇందాకటికన్నా ఎక్కువ భయమేసింది.